చిటికెన వేలి రంగు

"సంతకం నీదేనా?" అన్నాడు మామయ్య.

ఆసుపత్రి గది గుమ్మంలోనే నిలబడి అడిగాడు. లోపలికి అడుగు పెట్టలేదు. తలుపు రెక్కను ఒక చేత్తో పట్టుకున్నాడు, రెండో చేతిలో కాగితం. ఆ కాగితాన్ని అప్పటికే ఎన్నిసార్లు మడిచి విప్పాడో, మడత దగ్గర చిరిగిపోవడానికి సిద్ధంగా ఉంది.

"నాదే."

"మత్తులో పెట్టావా, మెలకువగా ఉండి పెట్టావా?"

"మెలకువగానే. మొత్తం చదివి పెట్టాను."

చదివి పెట్టలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. కానీ మామయ్య మొహం చూడగానే నోటికి అదే వచ్చింది. ఎడమ భుజం ఎముక రెండు ముక్కలై, చెయ్యి మెడకు వేలాడుతుంటే, ఎదురుగా ఎవరు నిలబడినా కొరకాలనే అనిపిస్తుంది. పైగా నిలబడిన మనిషి ఇతను.

పోస్టర్ల మీద ఆమె పేరు తూటా. సైకిల్ కంపెనీవాళ్ళే పెట్టారు. మూడేళ్ళుగా ఆమెకు బండి, బట్టలు, ప్రయాణాలు, జీతం అన్నీ ఆ కంపెనీవే. ఆమె ఆడేది ఎండ్యూరో. కొండ ఎక్కేటప్పుడు ఎవరి ఓపిక వాళ్ళది, గడియారం పట్టించుకోదు. దిగేటప్పుడు మాత్రం ప్రతి క్షణమూ లెక్కే. రాళ్ళు, చెట్ల వేళ్ళు, బురద, మనిషి ఎత్తు గట్లు. ఆ దిగుడు దారుల్లో ఆమె వెనక వచ్చేవాళ్ళకు దుమ్ము తప్ప ఇంకేమీ కనిపించదని పేరు. మామయ్య ఆమె మెకానిక్. అమ్మకు తమ్ముడు. ఆమెకు తొలి సైకిలు మీద కూర్చోవడం నేర్పిందీ, తొలిసారి పడ్డప్పుడు "లే, నేల గట్టిగానే ఉందా అని చూశావా?" అని నవ్విందీ అతనే.

ఆదివారం మూడో దిగుడులో బండి వెనక భాగం ఒక్కసారిగా పక్కకు జారిపోయింది. ఆ తర్వాత ఆకాశం, రాయి, ఆకాశం. అంతే గుర్తుంది.

"ఇందులో ఏం రాసుందో చదవనా?" అన్నాడు మామయ్య. "వెనక చక్రాన్ని పట్టుకునే ఇరుసు బోల్టును మెకానిక్ సరిగా బిగించలేదు. ఆ నిర్లక్ష్యం వల్లే ప్రమాదం. ఫ్రేమ్ గురించి నాకు ముందుగా ఎలాంటి హెచ్చరికా అందలేదు. ఇట్లు, నువ్వు." కాగితం మడిచాడు. "నీకు హెచ్చరిక అందలేదా, కోడలా?"

ఆమె గోడ వైపు తిరిగింది.

అందింది. గురువారం మధ్యాహ్నం కొండ కింద గుడారంలో మామయ్య ఫ్రేమ్‌ను నాణెంతో కొట్టి చూశాడు. ప్రతి రేసుకు ముందూ చూస్తాడు. కార్బన్ ఫ్రేమ్ బాగుంటే నాణెం కొట్టినప్పుడు టంగుమంటుంది. లోపల పొర విడితే, తడిగోడను తట్టినట్టు చప్పగా పలుకుతుంది. ఇరుసు పక్కన చప్పగా పలికింది. "ఇది వద్దు. ట్రక్కులో ఉన్న రెండో బండి, ఆ పాత జత బండి మీద ఆడు" అన్నాడు. "బుధవారం ఈ మోడల్ షోరూముల్లోకి వస్తోంది, ఈ ఒక్క రేసు దీనిమీదే ఆడాలన్నారు. ఒక్క రేసు, మామయ్యా" అని నవ్వేసింది. మేనేజర్‌కూ చెప్పాడు. కంపెనీ తరఫున జట్టును చూసుకునే మనిషి, అతనూ నవ్వాడు.

"బోల్టు వదులైపోయి ఉంది. ఫోటో చూశాను" అంది గోడతో. "బోల్టు తల మీద నువ్వు గీసిన గీత ఒకవైపు, ఫ్రేమ్ మీది గీత ఇంకోవైపు. కళ్ళతో చూశాను. ఇదిగో!"

బల్ల మీది ఫోటో తీసి అతని మీదకు విసిరింది. అది గాల్లో తిరిగి అతని బూట్ల దగ్గర బోర్లా పడింది.

మామయ్య దానివైపు చూడనైనా లేదు.

"పాతికేళ్ళుగా నా చేత్తో బిగిస్తున్న బోల్టు ఎలా ఉందో నాకు ఫోటోలో చూపిస్తావా? పదకొండింటికి రమ్మన్నారు. పనిముట్లు అప్పజెప్పి సంజాయిషీ ఇచ్చుకోవాలట. ఆ పైన రేసుల సంఘానికి రాస్తారట, నా లైసెన్సు రద్దు చేయమని. ఇంక రేసు బండి ముట్టుకునే హక్కు నాకుండదు. నీ సంతకం చాలట, వేరే సాక్ష్యం అక్కర్లేదట."

"నా భుజం పోయింది, నీకు లైసెన్సు గొడవా?"

"అవును. నీ భుజం డాక్టరు అతికిస్తాడు."

అతను వెళ్ళిపోయాడు. తలుపు వేయలేదు. వరండాలో బూట్ల చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. బోల్టు వదులైతేనే మంచిది. బోల్టు గట్టిగా ఉండి ఫ్రేమే విరిగితే, ఈ భుజం ఎవరి తప్పు? చెబితే వినకుండా ఎక్కింది ఎవరు?

ఆ ప్రశ్న దగ్గరే నర్సు లోపలికొచ్చింది. నడుం మీద చెయ్యేసుకుని మాట్లాడే మనిషి. చేతిలో దూది, చిన్న సీసా.

"రెండింటికి ఆపరేషను. పొద్దున్నుంచి ఏమీ తాగలేదు కదా?"

"ఉమ్ము మింగాను. పర్లేదా?"

"వేళాకోళాలకి తక్కువ లేదు. ఏదీ, ఆ ఎడమ చెయ్యి. చిటికెన వేలికి రంగుంది. మత్తిచ్చాక గోళ్ళు నీలంగా తిరుగుతున్నాయా అని డాక్టరుగారు చూసుకోవాలి. నువ్వేమో ముందే పచ్చగా తిప్పుకొచ్చావు." నర్సు కట్టులోంచి బయటికి వచ్చిన వేళ్ళను పట్టుకుంది. "పది వేళ్ళుండగా ఒక్కదానికేనా? ఇదేం సోకు?"

"సోకు కాదు. మా మామయ్య..."

మాట ఆగిపోయింది.

మామయ్య దగ్గర ఒక డబ్బా ఉంటుంది. పెద్ద మీసాల మనిషి, ఆ డబ్బా నిండా గోళ్ళ రంగు సీసాలు. మిగతా జట్ల మెకానిక్‌లు పడీపడీ నవ్వుతారు. "ఏం బావా, ఇవాళ కాళ్ళకా, చేతులకా?" అంటారు. అతను బోల్టు బిగించి, కొలత చూసి, దాని తల మీద నుంచి ఫ్రేమ్ మీదకు రంగుతో ఒక గీత గీస్తాడు. బోల్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరుగుతుంది. చాలామంది గీస్తారు ఇలాంటి గీతలు. కానీ మామయ్య పద్ధతి వేరు. ప్రతి రేసుకూ కొత్త రంగు. పాతది తుడిచి కొత్తది. గీత రంగు చూస్తే ఏ బోల్టును ఏ రేసుకు బిగించాడో చెప్పగలడు. ఆ రంగు ఎంచేది ఆమె. అన్ని గీతలూ అయ్యాక, మిగిలిన చుక్క ఆమె ఎడమ చిటికెన వేలి గోటికి. పదేళ్ళ వయసు నుంచీ అదే.

పోయిన రేసుకు ఎరుపు ఎంచింది. ఈ రేసుకు ఆకుపచ్చ.

"ఆగు!" అని అరిచింది.

నర్సు దూది జారవిడిచింది. "ఏమైందమ్మా, మంటా?"

"తీయొద్దు. ఆ ఫోటో... గుమ్మం దగ్గర ఫోటో ఇలా ఇవ్వు."

నర్సు వంగి ఫోటో తీసి ఇచ్చింది. విరిగిన ఫ్రేమ్, వదులైన బోల్టు. బోల్టు తల మీద గీత, దానికి దూరంగా ఫ్రేమ్ మీద గీత. నిన్న సాయంత్రం మేనేజర్ దాన్ని ఆమె కళ్ళ ముందు పెట్టి, గీతలు కలవలేదని వేలితో చూపించాడు. నొప్పి మాత్రల మసకలో ఆ వేలు చూపించిందే చూసింది.

రెండు గీతలూ ఎర్రగా ఉన్నాయి.

ఆమె ఫోటో పక్కన తన చిటికెన వేలు పెట్టుకుని చూసింది. ఇది ఆమె బండి కాదు. ఇది జత బండి. పోయిన రేసులో ఆడి, ఎర్ర గీతలతోనే ట్రక్కులో పడి ఉన్న పాత బండి. లోపలి తయారీ వేరైనా, పైకి రెండూ ఒకే ఆకారం, ఒకే రంగు, ఒకే అంకె. దాని బోల్టు వదులు చేసి, ఫ్రేమ్ విరగ్గొట్టి, ఫోటో తీశారు.

మరి అసలుది ఎక్కడుంది?

మామయ్యకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేస్తే కట్టేసి ఉంది.

"నా బూట్లెక్కడ?" అంది మంచం దిగుతూ.

"బూట్లా! అమ్మాయ్, నీ ఎముక..."

"ఎముక మెడకు కట్టే ఉంది కదా, ఎక్కడికీ పోదు. రెండింటికల్లా వస్తాను."

"డాక్టరుగారు నన్ను నమిలేస్తారు!"

"బాత్‌రూమ్‌లో ఉన్నానని చెప్పు."

"మూడు గంటలా?"

"పొట్ట బాలేదను."

నర్సు తల కొట్టుకుంటూనే, మంచం కిందికి వంగి ఆమెకు బూట్లు తొడిగింది. ఒక చేత్తో లేసు కట్టుకోవడం ఎవరివల్లా కాదు.

*

కంపెనీ భవనం ముందు గోడంతా ఆమె మొహమే. బుధవారం కోసం వేసిన బొమ్మ. గాల్లో బండి, బండి మీద తూటా. టాక్సీ దిగి, ఆసుపత్రి గౌను మీద కప్పుకున్న చలికోటు సర్దుకుంటూ ఆ బొమ్మ కిందనుంచే నడిచింది. గుమ్మం దగ్గర కాపలావాడు బొమ్మనూ ఆమెనూ మార్చి మార్చి చూసి దారి వదిలాడు.

మెట్లెక్కుతుంటే వెనక వర్క్‌షాపు వైపు నుంచి ఏదో కోత మిషను సన్నగా కీచుమంటూ వినిపించింది. తయారీ చోటు కాబట్టి వింతేమీ అనిపించలేదు.

పై అంతస్తు గదిలో పొడుగు బల్ల. బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద విరిగిన ఫ్రేమ్. బల్లకు ఆ చివర పెద్దాయన. నలభై ఏళ్ళ కిందట రేకుల షెడ్డులో ఒక్క వెల్డింగు మిషనుతో ఈ కంపెనీ మొదలుపెట్టిన మనిషి. చేతుల నిండా పాత నిప్పురవ్వల మచ్చలు. పక్కన మేనేజర్. పెద్దాయనకు అల్లుడు. ఇస్త్రీ నలగని చొక్కా, నలగని నవ్వు. గోడ వారగా మామయ్య నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అన్నట్టు లేదు. అతని కాళ్ళ దగ్గర పనిముట్ల పెట్టె తెరిచి ఉంది. ఒక గుమాస్తా వంగి స్పానర్లు లెక్కపెడుతున్నాడు.

మామయ్య ఆమెను చూశాడు. "ఎందుకొచ్చావ్? రెండో సంతకానికా?"

"నీతో తర్వాత మాట్లాడతా."

"తర్వాత మనకి మాటలేముంటాయే?"

"అరెరె, తూటా!" మేనేజర్ లేచి కుర్చీ లాగాడు. "ఈ స్థితిలో ఎందుకమ్మా శ్రమ! నీ తరఫున మేం చూసుకుంటున్నాం కదా. కూర్చో. మంచినీళ్ళు?"

గ్లాసు ముందు పెట్టాడు. నాలుక అట్టలా ఎండిపోయి ఉంది. ముట్టుకోకూడదు. గ్లాసు అంచున జారుతున్న చుక్కను చూసి, చూపు తిప్పుకుంది.

ఆమె కూర్చోగానే మేనేజర్ వెళ్ళి కిటికీ రెక్కలు బిగించాడు. కోత మిషను చప్పుడు సగానికి తగ్గింది.

ఆ పని ఆమె గమనించింది. గది చల్లగా ఉండటానికని అనుకోవచ్చు. కానీ మూసేటప్పుడు అతను కిందికి తొంగి చూశాడు.

"పెద్దాయనగారూ, ఒక్క మాట అడగొచ్చా?" అంది. "నేను సంతకం పెట్టిన కాగితం సరిగ్గా ఉండాలి కదా. రేపు ఎవరైనా వేలెత్తి చూపకూడదు."

"అడగమ్మా" అన్నాడాయన. విసుగు దాచుకోలేదు. "తొందరగా తేల్చండి. రేపటికి వెయ్యి పనులున్నాయి."

ఆమె మేనేజర్ వైపు తిరిగింది. "ఈ ఫ్రేమ్ నేను ఆదివారం ఆడినదేనా?"

"అదేం ప్రశ్న! అదే."

"పడిన చోటు నుంచి ఎవరు తెచ్చారు?"

"నేనే స్వయంగా. ట్రక్కులో పెట్టి తాళం వేశాను. తాళం చెవి నా జేబులోంచి కదల్లేదు."

"బోల్టును ఎవరైనా ముట్టుకున్నారా?"

"చీమ కూడా ముట్టుకోలేదు."

"రేసు మొదలయ్యే ముందు సంఘంవాళ్ళు ప్రతి ఫ్రేమ్‌కూ అంకె ఉన్న సీలు అంటిస్తారు కదా, మధ్యలో ఫ్రేమ్ మార్చకుండా. అదేదీ?"

మేనేజర్ నవ్వు చెక్కుచెదరలేదు. "రాళ్ళ మీద అంత దూరం ఈడ్చుకుపోయింది, స్టిక్కరు మిగులుతుందా? నీ మోచేతి తోలే మిగల్లేదు."

"నిజమే. అయితే ఇది అదే ఫ్రేమ్ అని, ఆదివారం నుంచి ఎవరూ ముట్టుకోలేదని మీరు రాసి సంతకం పెడతారా? నేను పెట్టాను కదా, మీరూ పెట్టండి."

"దానికేం భాగ్యం!" అన్నాడు. గుమాస్తాను పిలిచి అక్కడికక్కడే రెండు వాక్యాలు రాయించి, కలం తీసి గీకేశాడు. అల్లుడిగారి సంతకం సగం పేజీ ఉంటుంది.

గోడ వారగా మామయ్య పళ్ళు నూరడం వినిపించింది. "బాగుంది. ఇంటిల్లిపాదీ సంతకాలు పెట్టండి. నన్నూ పెట్టమంటారా?"

"మామయ్యా, బల్ల దగ్గరికి రా."

"రాను."

"ఆ బోల్టు ఒక్కసారి చూడు."

"చూడను. నా పని నాకు తెలుసు."

"ఎంత పొగరయ్యా నీకు!" ఆమె గొంతు పగిలింది. "పొద్దున ఆ ఫోటో వంగి తీసుకుని ఉంటే ఇంత దూరం వచ్చేదా? వచ్చి చూడు! నేనడిగే ఆఖరి పని అనుకో, వచ్చి చూసి పో!"

గుమాస్తా కూడా లెక్క ఆపేశాడు. మామయ్య బరువుగా నాలుగడుగులు వేసి బల్ల మీదకు వంగాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. చూశాడు.

వెంటనే తలెత్తలేదు. తలెత్తినప్పుడు అతని కళ్ళు ఆమె మొహం మీదికి పోలేదు, మెడకు వేలాడుతున్న చేతి మీదికి, చిటికెన వేలి మీదికి పోయాయి.

"దొంగ వెధవలు" అన్నాడు మెల్లగా.

"ఏయ్, మాట జాగ్రత్త!" మేనేజర్ లేచాడు.

ఆమె కట్టులోంచి చెయ్యి వీలైనంత బయటికి చాపింది. భుజంలో మంట మెరుపులా పాకింది. కళ్ళలో నీళ్ళు తిరిగినా చెయ్యి దించలేదు. "పెద్దాయనగారూ, ఇది చూడండి. మా మామయ్య రేసుకో రంగు వాడతాడు. బోల్టులకు ఏ రంగు గీస్తాడో అదే నా గోటికి వేస్తాడు. ఆదివారం రంగు ఇదిగో. మీ బల్ల మీది బోల్టుకున్నది పోయిన రేసు రంగు. అది నా జత బండి."

మామయ్య చొక్కా జేబులోంచి చిన్న సీసా తీసి తెల్లగుడ్డ మీద నిలబెట్టాడు. ఆకుపచ్చ. నడుస్తున్న రేసు సీసా ఎప్పుడూ అతని జేబులోనే ఉంటుంది.

మేనేజర్ గట్టిగా నవ్వాడు. "గోళ్ళ రంగు! మామగారూ, మీరు గోళ్ళ రంగును నమ్ముతారా? దారిలో ఎక్కడో వేయించుకుని వచ్చి ఉంటుంది. మందుల మత్తులో ఉందండీ ఈ పిల్ల!"

పెద్దాయన అల్లుడి వైపు చూడలేదు. ఫ్రేమ్ అంచును బొటనవేలితో రాసి చూశాడు. "అసలుది ఎక్కడుంది?" అన్నాడు.

"ఇదే అసలు..."

"విరిగిన అంచులో ఒక్క మట్టి రేణువు లేదు. నేను షెడ్డులో పనిచేసి వచ్చినవాణ్ణిరా."

మూసిన కిటికీ అవతలి నుంచి సన్నని కీచు మళ్ళీ వచ్చింది. లేస్తూ, ఆగుతూ, లేస్తూ.

మామయ్య తల పక్కకు వాల్చాడు. నాణెం చప్పుడు వినేటప్పుడు వాల్చినట్టు.

"కింద కోస్తున్నది ఇనుము కాదు. కార్బన్" అన్నాడు. అప్పటికే పరుగెడుతున్నాడు.

*

ఆమె మెట్లు రెండేసి దిగింది. ప్రతి మెట్టుకూ భుజంలో ఎవరో మేకు దిగగొట్టారు. వెనక మేనేజర్ అరుపులు. "అతన్ని ఆపండి! బయటివాళ్ళకి వర్క్‌షాపులోకి వెళ్ళే అనుమతి లేదు!" ఎవరూ ఆపలేదు. గోడ మీది బొమ్మ మనిషి గౌనులో పరుగెత్తడం చూస్తూ ఉండిపోయారు.

వర్క్‌షాపు వెనక తుక్కు గది. తలుపు సందుల్లోంచి నల్ల దుమ్ము, కాలిన జిగురు వాసన. మామయ్య భుజంతో తలుపు తోసి, గోడ మీది ఎర్రమీట కొట్టాడు. రంపం చక్రం దీర్ఘంగా మూలిగి ఆగింది.

ముసుగు కట్టుకున్న పనివాడు బెదిరిపోయి చేతులెత్తాడు. "నేనేం చేశానండీ! ఇవాళ మధ్యాహ్నానికల్లా ఇక్కడున్నవన్నీ ముక్కలు చేయమన్నారు సారు. వరసలో ఇది ఆఖరుది."

కట్టర్ నోట్లో ఒక ఫ్రేమ్ ఇరుక్కుని ఉంది. ముందు భాగం అప్పటికే రెండు ముక్కలు. వెనక భాగం ఇంకా మిగిలి ఉంది. బురద ఎండి అట్టకట్టింది. ఇరుసు పక్కన గొట్టం, కొమ్మ చీలినట్టు నిలువునా చీలి ఉంది. ఆ చీలికకు వేలెడు దూరంలో బోల్టు. బోల్టు తల మీద నుంచి ఫ్రేమ్ మీదకు తిన్నగా, తెగకుండా, ఒకే ఒక్క ఆకుపచ్చ గీత.

దాని కింద, అంచులు చిరిగినా అంకె చెరగని సీలు.

మామయ్య మోకాళ్ళ మీద కూర్చుని ఆ గీత మీది దుమ్మును బొటనవేలితో తుడిచాడు. మీసం అదిరింది.

ఆమె కుడి చేత్తో ఫోన్ తీసి రేసుల సంఘం పెద్దకు కలిపింది. వీడియో కాల్‌గా పెట్టి, ఫోన్‌ను ముందు సీలు మీదకూ, తర్వాత గీత మీదకూ, చీలిక మీదకూ తిప్పింది.

"సార్, నేను తూటాని. ఆదివారం నాకు మీరు వేసిన సీలు ఇదేనా, అంకె చూసుకోండి. నేను నిన్న ఒక కాగితం మీద సంతకం పెట్టాను, అది తప్పుడు కాగితం. ఫ్రేమ్ పలుకు బాలేదని మా మామయ్య గురువారమే చెప్పాడు. నాకూ చెప్పాడు, మేనేజర్‌కూ చెప్పాడు. వినకుండా ఎక్కింది నేను. అది కూడా రాసుకోండి."

చివరి మాటకు మామయ్య తల తిప్పాడు.

"ఫోన్ పెట్టెయ్యమ్మా." పెద్దాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, రొప్పుతూ. వెనక అల్లుడి మొహం ఇస్త్రీ పోయిన గుడ్డలా ఉంది. "మనలో మనం కూర్చుని మాట్లాడుకుందాం. వీడి సంగతి నేను చూసుకుంటాను. మీ మామయ్య ఉద్యోగం మీ మామయ్యది, నీ బండి నీది. అయిదేళ్ళకు రాసిస్తాను. ఆ ఫోన్ ఒక్కటీ పెట్టెయ్."

"మరి రేపు షోరూములకు వెళ్ళే బళ్ళు?"

పెద్దాయన చూపు వెనక్కి, వర్క్‌షాపు వైపు పోయింది. బయట వర్క్‌షాపులో కొత్త ఫ్రేములు వరసగా కొక్కేలకు వేలాడుతున్నాయి, అన్నిటి మీదా ఆమె పేరు. మామయ్య లేచి వెళ్ళి జేబులోంచి నాణెం తీశాడు. మొదటి ఫ్రేమ్ ఇరుసు పక్కన కొట్టాడు. టంగుమంది. రెండోది టంగుమంది. మూడోది తడిగోడలా పలికింది. నాలుగోది కూడా.

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. ఆ పలుకు ఆయనకూ తెలుసు.

"విన్నారా సార్?" అంది ఆమె ఫోన్‌లోకి.

"విన్నాను" అంది ఫోన్‌లో గొంతు. "ఆ ఫ్రేములు ఎవరూ ముట్టుకోవద్దని చెప్పు. బయలుదేరుతున్నాం. నువ్వు ఆసుపత్రిలో ఉండాలి కదా?"

పెద్దాయన కళ్ళు తెరిచాడు. ఇప్పుడు వాటిలో బతిమాలుకోవడం లేదు. "ఈ గడప దాటావంటే ఇంక ఏ కంపెనీవాడూ నీకు బండి ఇవ్వడు. నేను ఇవ్వనివ్వను. గుర్తుపెట్టుకో."

"మీరివ్వకుండా ఉంటే చాలండి" అంది. "మీ బండే కదా నన్ను పడేసింది."

మామయ్య మాత్రం అక్కడినుంచి కదల్లేదు. సంఘంవాళ్ళు వచ్చి, సీలు అంకె రాసుకుని, ఆ ముక్కలను సంచిలో కట్టేదాకా, కట్టర్‌కూ ఫ్రేమ్‌కూ మధ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత పైకెళ్ళి, గుమాస్తా లెక్కపెట్టిన పనిముట్లన్నీ మళ్ళీ ఒక్కొక్కటే చూసుకుని పెట్టెలో సర్దుకున్నాడు. ఒక స్పానరు తక్కువైంది. గుమాస్తా జేబులోంచి అది కూడా వచ్చింది.

*

ట్రక్కు కంపెనీది కాబట్టి టాక్సీలోనే వెళ్ళారు. పనిముట్ల పెట్టె ఇద్దరి మధ్యా కూర్చుంది.

ఆసుపత్రి వరండాలో నర్సు ఎదురొచ్చింది. గడియారం వైపు చూపిస్తూ, "ఒంటిగంట నలభై! డాక్టరుగారు రెండుసార్లు అడిగారు. నీ పొట్ట గురించి నేను చెప్పిన అబద్ధాలకు ఆయన వేరే డాక్టర్ని కూడా పంపుతానన్నారు" అంది. మామయ్యను ఎగాదిగా చూసింది. "గోళ్ళ రంగు పెద్దమనిషి ఈయనేనా?"

"నేనే" అన్నాడు మామయ్య. "ఆ దూదీ, సీసా ఇలా ఇవ్వండి."

మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, ఆమె చిటికెన వేలు పట్టుకుని, సీసా ఒంపి దూది తడిపాడు. బోల్టు మీది గీత తుడిచినట్టే, అంచుల నుంచి మొదలుపెట్టాడు.

"ఇంకా కోపమేనా?" అంది.

"కోపమే."

"ఫోన్‌లో నిజం చెప్పాను కదా."

"నిన్న చెప్పాల్సింది. ఇవాళ చెప్పావు."

"నువ్వు ఫోటో వంగి చూసి ఉంటే..."

"నువ్వు గురువారం నా మాట విని ఉంటే!"

నర్సు గుమ్మంలోంచి గొంతు సవరించుకుంది. ఇద్దరూ నోరు మూసుకున్నారు. దూది పచ్చబడింది. గోరు తెల్లగా బయటపడింది, దాని కింద రక్తం గడ్డకట్టిన చిన్న నల్ల మచ్చ. ఆదివారం రాయి పెట్టిన గుర్తు. మామయ్య దాని చుట్టూ దూదిని మెల్లగా తిప్పాడు.

"వచ్చే రేసుకు ఏ రంగు?" అంది.

"బండి లేదు, స్పాన్సర్ లేడు, భుజం లేదు. రంగొకటి కావాలా?"

"కావాలి."

"చెయ్యి కదపకు" అన్నాడు మామయ్య, ఇంకో దూది తీసుకుంటూ. "ఇంకా అంచున మిగిలింది."